పంతులు చెప్పని లెక్క

యాభైల చివర్లో, కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో ఆదిలాబాదు జిల్లాలో బడుల తనిఖీ నా ఉద్యోగం. ఆ ఏడు పై నుంచి ఒక హుకుం వచ్చింది. ఒక్క పంతులే ఉన్న బడులన్నీ తిరిగి పిల్లల్ని పరీక్షించాలి, ఏ పంతులు చదువు చెబుతున్నాడో, ఏ పంతులు కునుకు తీస్తున్నాడో తేల్చాలి. చదువు రాని చోట బడి ఎత్తేస్తారు, సర్కారుకు ఖర్చు మిగులుతుంది. ఎడ్లబండి మీద నడుం విరిగేలా అడవులు తిరిగేది మాత్రం నేను.

దసరా వెళ్లాక ఆసిఫాబాదు దాటి, వాగు అవతల ఉన్న ఒక ఊరికి పోయాను. మిట్టమధ్యాహ్నం. ఎక్కాలు బయటికే వినిపిస్తున్నాయి. లోపల చూస్తే పంతులు లేడు. కుర్చీ మీద మడతపెట్టిన కండువా ఉంది. పిల్లలు దాని వైపు తిరిగి చదువుతున్నారు.

మంచినీళ్లకు పోయాడేమోలే అనుకుని ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎక్కాలు, పద్యాలు, నదుల పేర్లు, ఏది అడిగినా ఒక్కరూ తడుముకోలేదు. పట్నం బడుల్లో కూడా అంత చక్కటి చదువు వినలేదు. తెగ సంబరపడ్డాను. కాసేపటికి ఒకటి గమనించాను. అందరిదీ ఒకటే తీరు. ఎవరో పెద్దాయన మాట మాటకూ ఆగి, నిదానంగా చెబుతున్నట్టు ఆ చిన్న నోళ్లలోంచి మాటలు వస్తున్నాయి.

ఒక భాగహారం ఇచ్చాను. పిల్లలంతా కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేనూ అటే చూశాను, ఎందుకు చూశానో నాకే తెలియదు. అందరిలోకీ పెద్ద పిల్ల లేచి నిలబడింది.

"గా లెక్క పంతులు ఇంకా చెప్పలే సారూ" అన్నది.

అప్పటికి ఊరి పటేలు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. పంతులు వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడట. బడి ఆయన పేరు మీదే ఇచ్చారనీ, ఆయన లేడని తెలిస్తే పొలం పట్టా కొట్టేసినట్టు బడినీ కొట్టేస్తారనీ ఊరంతా నమ్మింది. అందుకే మాట బయటికి పొక్కనీయలేదు. వాగు పొంగి జీతానికి రాలేకపోతున్నాడని ఆఫీసులో మేము అనుకున్నాం. ఆ పెద్ద పిల్లే రోజూ బడి నడుపుతోంది, ఆయన చెప్పినంత వరకే. అక్కడికి రాగానే మళ్లీ మొదటికి పోతారు.

"జర కొత్త పంతుల్ని తెప్పియ్యుండ్రి సారూ, పోరగాండ్లు ఆడనే ఆగిపోయిండ్రు" అన్నాడు పటేలు.

తెప్పిస్తానని మాటిచ్చాను. ఉన్నదున్నట్టు రాసి, జిల్లా అధికారి ముందు నిలబడి బతిమాలాను. ఆయన మార్కులు చూసి మురిసిపోయాడు. పంతులు లేకుండానే ఇంత బాగా చదువుతుంటే ఇంకొకరికి జీతం దండగ కదా అన్నాడు. నవ్వులాటకు అంటున్నాడేమో అనుకున్నాను. సంతకం పెట్టి కాగితం నా వైపు తోశాడు. బడి ఉంటుంది, పంతులు రాడు.

ఆ కబురు నేనే మోసుకుపోవాల్సి వచ్చింది. పిల్లలు చదువు ఆపి విన్నారు. ఆ పెద్ద పిల్ల ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో అని భయపడ్డాను. ఆమె మెల్లగా తలూపింది.

"మంచిది సారూ, పంతులుకు చెప్తం" అన్నది.