బకెట్లో పట్టిన పొద్దుటి నీళ్ళు

నీళ్ళ విషయంలో తూలుగాక్ పరమ పిసినారి. కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న ఆ ఊరి బడికి పన్నెండేళ్ళుగా కాపలాదారు, ఊడ్చేవాడు, కుళాయిలు బాగుచేసేవాడు అన్నీ ఆయనే. అక్కడ ఏ తొట్టి నిండాలన్నా చెరువు నుంచి నీళ్ళ లారీ రావాలి. మంచు తుఫాను పట్టిందంటే మూడు రోజులు లారీ అజాపజా ఉండదు. తొట్టి ఖాళీ అయితే వెలిగే ఎర్రదీపం ఎన్ని ఇళ్ళ మీద వెలిగినా, బడి మీద ఒక్కనాడూ వెలగలేదు. అదీ ఆయన గర్వం! చిన్నప్పుడు కుక్కబండి మీద చెరువు నుంచి తాగునీటికి మంచుగడ్డలు మోసిన మనిషికి, నీళ్ళు పారబొయ్యడానికి చేతులెలా వస్తాయి?

మూడేళ్ళ కిందట పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పిల్లలు రాకముందే కుళాయిలన్నీ ఐదు నిమిషాలు వదలాలట. ఎందుకో రాయలేదు. అది రాసిన మహానుభావుడికి ఇంకొక్క ముక్క రాస్తే చెయ్యి పడిపోయేదా? పైపులు గడ్డకట్టాయేమోనని చలికాలంలో పొద్దున్నే కుళాయి కాసేపు వదిలి చూడడం ఊళ్ళో అందరికీ అలవాటే. ఇదీ అందుకేననుకున్నాడు తూలుగాక్. చెప్పినట్టే వదిలాడు. కాకపోతే కింద బకెట్టు పెట్టాడు.

ఆ నీళ్ళతోనే వంటావిడ పిల్లలకు జావ కాచేది. పొద్దున్నే తాత వెంట వచ్చే ఐదేళ్ళ మనవరాలు సియాసిది మొదటి గ్లాసు.

మార్చిలో నర్సు వచ్చి పిల్లలందరికీ రక్తపరీక్ష చేసింది. వారం తర్వాత తూలుగాక్‌ను పక్కకు పిలిచింది.

“మన చెరువు నీళ్ళు రాత్రంతా పైపులో నిలవుంటే లోహాన్ని తినేస్తాయి తాతా. అతుకుల్లో సీసం నీళ్ళలోకి దిగుతుంది. పొద్దుటి నీళ్ళు పోనివ్వమన్నది అందుకే.”

“రోజూ వదిలానమ్మా.”

“ఎక్కడికి?”

ఆయన బకెట్టు చూపించాడు. ఆ నీళ్ళు ఎవరెవరు తాగారో నర్సు అడిగి తెలుసుకుంది.

“ఏం మందిస్తే పోతుందమ్మా?”

“ఇకమీదట తాగకుండా చూడగలం. పిల్లల బుర్రకు, మాటకు జరిగిన చెరుపు పూర్తిగా పోతుందని చెప్పలేను. సియాసి రక్తంలోనే అందరికన్నా ఎక్కువ సీసం ఉంది.”

“పైపులు తెప్పించండి, ఇవాళే నేను మార్చేస్తా!”

“ఓడలో రావాలి తాతా. సముద్రం మీద మంచు కరిగేసరికి జులై.”

సాయంత్రం కూతురు అలాసీ పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చింది. అప్పటికే నర్సు ఆమెకు అంతా చెప్పింది.

“తిట్టవే నన్ను! ఊరుకుంటావేం?” అన్నాడు తూలుగాక్. నాలుగు తిడితే ప్రాణం కుదుటపడేది.

అలాసీ వంగి సియాసికి బూట్లు తొడుగుతోంది.

“నీకు మాత్రం ఏం తెలుసు నాన్నా. దీనికి మాటలు ఆలస్యంగా వస్తుంటే, నాలాగే మొద్దనుకున్నా. రోజూ తిట్టిపోశా దాన్ని,” అంది.