అత్త మోసిన ఏడు కిలోలు

మా అత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను హైదరాబాదు విమానాశ్రయంలో సామాను బెల్టు ముందు నిలబడి ఉన్నాను. ఫోను చేసింది నా భార్య. "అత్త ఇందాకే పోయింది. నువ్వు కంగారు పడబాక, నిదానంగా రా" అని, ఏడుపు వినపడకుండా పెట్టేసింది. వెంటనే తిరుగు టిక్కెట్టు కోసం పరిగెత్తాల్సింది. కానీ పెళ్ళి వీడియో కోసం తెచ్చిన లైట్ల పెట్టె ఇంకా రాలేదు. నన్ను పెంచిన మనిషి పోయిందని విన్నాక కూడా ఆ పెట్టె వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఈ సంగతి దాచి మిగతాదంతా రాయొచ్చు. అబద్ధానికి అంతగా భయపడిన మనిషి గురించి రాస్తూ మొదట్లోనే ఒకటి దాచడం నా వల్ల కాలేదు.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళైన మూడో ఏడే భర్త పోతే నెల్లూరు జిల్లా కోట అనే ఊళ్ళో మా ఇంటికి వచ్చేసింది. ఊరి బయట రొయ్యల షెడ్డులో ముప్పై ఏళ్ళు పని చేసింది. రొయ్యల్ని సైజు చూసి వేరు చేయడం, ట్రేలకు ఎత్తడం, తూకానికి పెట్టడం ఆమె పని. ట్రే ఒకసారి ఎత్తి దించితే చాలు, బరువు చెప్పేసేది. కాటా మీద పెడితే వంద గ్రాములు అటూ ఇటూ, అంతే. చెన్నై నుంచి లారీలతో వచ్చే కొనుగోలుదార్లు కాటాను అనుమానించేవాళ్ళు గానీ మా అత్తను అనుమానించేవాళ్ళు కాదు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు కాస్త అరవం కూడా వచ్చింది.

అలాంటి మనిషికి భయాలు మాత్రం చెప్పలేనన్ని. ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, లేచి నిలబడేది. అది కరెంటు మీటరు చూసే అతనైనా సరే. నాయుడుపేట వెళ్ళొస్తే బస్సు టిక్కెట్టును ఇంటికి వచ్చేదాకా పిడికిట్లోనే పట్టుకునేది. "బస్సు దిగినాక ఎవరడుగుతారత్తా?" అని నేను నవ్వితే, "అడిగినాక వెతుక్కునే దానికన్నా పట్టుకొనుంటే పోలా?" అనేది. చేసిన తప్పంటూ ఆమెకు ఏదీ లేదు. ఎవరో ఒకరు ఆపి అడుగుతారని, తను సరిగ్గా జవాబు చెప్పలేకపోతుందని, అదే భయం. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు కూడా ఎవరో ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తున్నట్టే ఉండేది ఆమె ముఖం.

నేను పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీస్తాను. నాకూ పిరికితనం తక్కువేం లేదు. అయితే నాది ఒక్కటే భయం: విమానంలో సామాను. మీలో కెమెరాలతో విమానం ఎక్కినవాళ్ళు ఉంటే వాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. చేతి సంచి ఏడు కిలోలు దాటకూడదంటారు. రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు పెడితేనే పన్నెండు దాటుతుంది. లోపలికి ఇచ్చే సామానులో బ్యాటరీలు పెట్టకూడదంటారు. లెన్సులు పెట్టడానికి మనకే గుండె ఒప్పదు. ఒక ఊళ్ళో ఒక్కో లెన్సు బయటికి తీసి ట్రేలో పెట్టమంటారు, ఇంకో ఊళ్ళో ఎందుకు తీశావని కసురుకుంటారు. ఒకమ్మాయి నవ్వి పంపిస్తుంది, పక్క కౌంటరు అమ్మాయి కాటా మీద పెట్టమంటుంది. ఒకసారి గతిలేక ఒక లెన్సును లోపలికి ఇచ్చాను. దిగాక తీసి ఊపితే గిలక్కాయలా మోగింది. ఫిర్యాదు రాసిస్తే, పగిలే వస్తువులకు తమ బాధ్యత లేదని జవాబు వచ్చింది. అప్పటి నుంచీ కౌంటరు కనిపిస్తే చాలు, నాకు అరికాళ్ళు చల్లబడతాయి.

రెండేళ్ళ కిందట బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం వ్యాపారం చేసే ఒక కుటుంబం కూతురి పెళ్ళి ఉదయపూర్‌లో పెట్టుకుంది. నాకూ ఒక సహాయకుడికీ విమానం టిక్కెట్లు తీస్తామన్నారు. నా తోటి కెమెరామన్ లైట్లూ స్టాండ్లూ తీసుకుని రైల్లో బయలుదేరాడు. ఆ రెండో సీటుకు నాకు కావలసింది మనిషి కాదు, ఏడు కిలోలు. చెన్నైలో ఒక పెద్ద లెన్సు అద్దెకు తీసుకున్నాను, దాన్ని చచ్చినా లోపలికి ఇవ్వదలుచుకోలేదు. నా భార్యకు బడిలో సెలవు దొరకలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడు కిలోలు మా అత్త.

"విమానమా? నాకెందుకు అబ్బయా?" అంది.

"ఊరికే, చూసొద్దువు గానీ. రాజుల కోటలు ఉంటాయంట అక్కడ."

ఆమె మంచం మీదున్న సంచిని ఒక చేత్తో ఎత్తి దించింది. "తొమ్మిదిన్నర. దీన్ని మొయ్యడానికి గదా?"

"ఏడు చేస్తాలే అత్తా. అక్కడ ఎవరన్నా అడిగితే నాదే అని చెప్పు. అంతే."

"నీది గదా."

"నీ చేతిలో ఉంటే నీదే."

ఆమె ఇంకేమీ అనలేదు. ఒప్పుకుందనే అనుకున్నాను. మనకు కావలసిన దగ్గర మౌనాన్ని అలాగే అర్థం చేసుకుంటాం.

చెన్నై దాకా కారులో ఆ సంచిని ఒళ్ళో నుంచి దించలేదు. కౌంటరు దగ్గర అమ్మాయి మర్యాదగానే అరవంలో అడిగింది. ఇది మీ సంచేనా, మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఇచ్చి తీసుకెళ్ళమన్నారా అని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మా అత్త నిటారుగా నిలబడి, తనకొచ్చిన అరవంలో, పదం పదం విడిగా చెప్పింది. "నాది కాదమ్మా. మా అబ్బాయి ఇచ్చినాడు. లోపల ఏముండాదో నాకు తెల్దు."

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. ఎవరికో ఫోను చేసింది. తుపాకి తగిలించుకున్న జవాను వచ్చి మమ్మల్ని వరుసలోంచి తీసి పక్కకు నిలబెట్టాడు. లెన్సులు, బ్యాటరీలు, తీగలు అన్నీ బల్ల మీద పరిచారు. ఈమె నీకేమవుతుంది, నీ సంచి ఈమె చేతికి ఎందుకిచ్చావు అని మార్చి మార్చి అడిగారు. మా అత్త ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది. ఆమె వయసు చూసి ఒక అధికారి కుర్చీ తెప్పించాడు. ఆమె కూర్చోలేదు.

చివరికి మందలించి వదిలేశారు. అప్పటికి కౌంటరు వాళ్ళు నా సంచినీ కాటా మీద పెట్టారు. దాంట్లోనే అద్దె లెన్సు ఉంది. బరువు ఎక్కువన్నారు, బతిమాలినా వినలేదు. పగిలే వస్తువు అని చీటీ అంటించి బెల్టు మీద పడేశారు. అది రబ్బరు తెరల వెనక్కి వెళ్ళిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను.

విమానంలో నేను అన్న మాట ఇక్కడ రాయాలి. "నీ నిజం నా కొంప ముంచింది అత్తా. నిన్ను తీసుకురావడం నాదే బుద్ధి తక్కువ." ఆమె కిటికీ వైపు కూడా చూడలేదు. విమానం పైకి లేచేటప్పుడు బెల్టును రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. జీవితంలో అంత ఎత్తుకు ఆమె వెళ్ళడం అదే మొదలు. దిగేదాకా చెయ్యి పట్టుకుని ఉండాల్సింది నేను. పట్టుకోలేదు.

ఉదయపూర్‌లో సంచి అందరి సామానూ వచ్చాక వచ్చింది. లెన్సు అద్దం పగల్లేదు గానీ దూరాన్ని దగ్గర చేసే రింగు బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా తిరగలేదు. దూరం నుంచి తీయాల్సిన ఫోటోలన్నీ దగ్గరికి వెళ్ళి తీయాల్సి వచ్చింది. తాళి కట్టేటప్పుడు పురోహితుడి భుజం మీద నుంచి తల దూర్చాను. పెళ్ళికూతురి తండ్రి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రెండు రోజులూ గుండె గుప్పెట్లో పెట్టుకునే పని చేశాను. మా అత్త ఏ కోటా చూడలేదు. మాకిచ్చిన గదిలో సంచుల పక్కనే కూర్చుంది. నేను గదికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క వస్తువూ చూపించి "దీని పేరేంది?" అని అడిగేది. విడవలూరు నుంచి తెచ్చిన వంటవాళ్ళలో ఒకాయన ఉత్తరాదిలో చాలాకాలం ఉన్నవాడు, ఆయనతో మాట్లాడుతూ కనిపించేది. పొద్దుపోక అనుకున్నాను.

బయలుదేరే రోజు పొద్దున, "నేను సర్దుతా, నువ్వు చూడు" అంది. ఒక్కో లెన్సునూ తన నూలు చీరల్లో చుట్టింది. పెళ్ళి మొత్తం ఉన్న మెమరీ కార్డుల డబ్బాను నేను నా జేబులో పెట్టుకోబోతే తీసుకుని ఆ సంచి మధ్యలో పెట్టింది. పైకెత్తి చూసి, ఒక బ్యాటరీ తీసి నా సంచిలో వేసింది. "ఇప్పుడు ఏడు" అంది. అక్కడి కాటా ఆరు కిలోల తొమ్మిది వందలు చూపించింది.

ఈసారి అడిగింది హిందీలో. సోదా దగ్గర మీసాలాయన ఒకడు మా అత్త సంచిని పక్కకు లాగి, ఎవరిదన్నట్టు మమ్మల్ని చూశాడు. అది గనక చేజారితే ఒక ఆడపిల్ల పెళ్ళి మొత్తం పోయినట్టే. నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఈ మాట రాస్తుంటే నాకే అనుమానం వస్తోంది, నిజంగా చెప్పేవాడినేనా అని. ఏమైనా అంతలోనే మా అత్త గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేరా హై" అంది, నాదే అని.

లోపల ఏముందని ఆయన చేత్తో సైగ చేశాడు. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. "కెమెరా. లెన్సు, లెన్సు. బ్యాటరీలు నాలుగు. కార్డులు." ఆయన జిప్పు తెరిచాడు. చీర మడతల్లో లెన్సులు చూసి, ఆమె ముఖంలోకి చూసి, జిప్పు మూసి పంపించేశాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "గట్టిదానివే అత్తా" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "వంటాయన కాడ నేర్చుకున్నా ఆ మాట. రెండు రోజులు పట్టింది నోట్లోంచి వచ్చేదానికి" అంది. హిందీకి నోరు తిరగక అనుకున్నాను, అంత మొద్దుని. చెన్నైలో దిగేదాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ పెళ్ళి ఫోటోలు చూసే నాకు తర్వాతి పనులు వచ్చాయి. నాలుగైదు నెలలకు పాస్టరమ్మ గారు బజార్లో కనపడి, "మీ అత్త ప్రభువు బల్ల దగ్గరికి రావడం మానేసిందయ్యా. నెల మొదటి ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు గదా, తను బెంచీ మీదే కూర్చోనుంటాది. ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. ఇంటికొచ్చి అడిగితే మా అత్త బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. "అబద్ధం ఆడిన నోటితో తీసుకోకూడదు అబ్బయా. భయమేస్తాది."

"అబద్ధం ఎట్టా అవుతుంది అత్తా? సర్దింది నువ్వే. లోపలేముందో నీకు తెలుసు."

"సర్దితే నాదైపోద్దా? ముప్పై ఏళ్ళు ఊరోళ్ళ రొయ్యలన్నీ నేనే ఎత్తినా. నావైనాయా?"

పోనీ పాస్టరు గారికి చెప్పుకోమన్నాను, తల అడ్డంగా ఊపింది. ఎందుకు చెప్పదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ తర్వాత నేను ఎవరినీ ఏడు కిలోలు చేసుకోలేదు. ఒక కెమెరా తగ్గించుకున్నాను. ఆమె మాత్రం ఆ బెంచీ మీదే ఉండిపోయింది. నెలకొకసారి, అందరూ లేచి ముందుకు వెళ్తున్నప్పుడు, ఒక్కతీ. నా కోసం.

ఆమెను చివరిసారి చూసింది పోవడానికి మూడు రోజుల ముందు, నెల్లూరు ఆసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మధ్యాహ్నం పాస్టరు గారు రొట్టె, చిన్న గిన్నెలో రసం తీసుకుని వచ్చారు. ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపారు. ఆమె పెదాలు బిగించుకుని తల తిప్పేసుకుంది. ఆయన కాసేపు ప్రార్థన చేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ఇంత మంచి మనిషి ఇంత భయంతో పోతుందా అని, దానికి కారణం నేనేనని అనిపించింది.

"పైకి పోయినాక ఆడ అడుగుతారు గదా అబ్బయా" అంది, నా వైపు చూడకుండా.

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. జవాబు ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా పెట్టుకున్నాను. మంచం పట్టీ మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నా పేరు చెప్పు అత్తా. వాడిదే సంచి, వాడే నా చేత చెప్పించాడు అని చెప్పేయ్. నేను వచ్చినాక నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు తీసుకో. పాస్టరు గారు కిందే ఉంటారు, పిలుస్తా."

ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్ళల్లో భయం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు.

"నీ పేరు చెప్తే నిన్ను వరసలోంచి తీసి పక్కన నిలబెడతారు," అంది. "వద్దులే. నాదే అంటా."

నర్సు వచ్చి మాస్కు మళ్ళీ సరిగ్గా పెట్టి, మాట్లాడించవద్దని చెప్పింది. మాస్కు లోపల ఆమె పెదాలు మాత్రం, ఒకే మాట నేర్చుకుంటున్నట్టు, కదులుతూనే ఉన్నాయి. ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ మీద కొంచెం ఆవిరి పడుతోంది, చెరిగిపోతోంది, మళ్ళీ పడుతోంది.