స్ప్రింగు తీసిన సైకిలు

కోరుట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నతను, తువ్వాలలో చుట్టిన దేన్నో జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకున్నాడు. ఉండబట్టలేక అదేమిటని అడిగాను. విప్పి చూపించాడు. సైకిలు స్ప్రింగు.

అతను మస్కట్‌లో కొండల మీద తొక్కే సైకిళ్లు బిగిస్తాడట. సెలవు అయిపోయి ఆరోజే తిరిగి వెళ్తున్నాడు.

"కొత్త మోడల్ అచ్చినప్పుడల్లా ముందటి చక్రం పట్టుకునే ఫోర్కు ఇంకింత ముంగటికి వాల్చి చేస్తరు సార్, దిగుడు మీద మనిషి బోర్ల పడకుండ. మీట నొక్కితే సీటు కిందికి దిగుతది. రాళ్ల మీదికెల్లి దుంకేటోళ్ల కోసమే గదంత."

ఎన్నో ఏళ్లు ఇతరులకు బిగించి, ఈసారి తనకోసం ఒకటి తెచ్చుకున్నాడు. కథలాపూర్ అవతల తమ ఊరి గుట్ట దిగాలని ఆశ. ఇంటికి రాగానే బిగించి, మర్నాడు పెళ్లికని సిరిసిల్ల వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాళ్ల నాన్న దానికి క్యారియర్ పెట్టించాడు. గడ్డిమోపు వేస్తే వెనక ఊగుతోందని స్ప్రింగు తీయించి, ఆ చోట ఇనుప కడ్డీ వేయించాడు.

"మళ్లీ పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"ఫ్రేముకు తూట్లు పొడిచిండ్రు సార్. ఇగ దుంకితే ఇరుగుతది."

"మరి నాన్నను ఏమీ అనలేదా?"

"ఏమంట సార్? గడ్డిమోపేసుకొని తొక్కుకుంట ఎదురచ్చిండు. కాళ్లు అందుతయని సీటు గూడ దించుకున్నడు. 'మంచిగున్నది నాయినా' అన్న నేను."

జగిత్యాల బస్టాండు వచ్చింది. అతను స్ప్రింగును రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కాడు. అది కదల్లేదు.

"మనిషెక్కి కూసుంటెనే కదులుతది సార్," అని మళ్లీ తువ్వాలలో చుట్టుకున్నాడు.