పచ్చబొట్టు మెషిన్‌కు కవరు తొడిగిన రోజులు

నేను బెర్లిన్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్ చదువుతూ, ఇరవై మూడు నిండి ఇరవై నాలుగు ఇంకా నిండని ఆ కాలంలో, లోకంలోని వస్తువులు రెండే రకాలని దృఢంగా నమ్మేదాన్ని: కవరు తీసేసినవి, ఇంకా తీయనివి. మొదటి రకం వస్తువులున్న ఇళ్లలో నిర్లక్ష్యపు మనుషులుంటారు. మాది రెండో రకం ఇల్లు. మా టీవీ రిమోట్ పుట్టినప్పుడు తొడుక్కున్న పాలిథీన్ చొక్కాతోనే కాలం చేసింది. నాన్నగారి స్కూటర్ సీటు అసలు రంగు ఏమిటో ఆయనకే తెలియదు (అమ్మేసిన రోజున, కొనుక్కున్నవాడు మా కళ్లముందే కవరు చింపితే తెలిసింది, ఎరుపని). పాల ప్యాకెట్లను అంచు వెంట కత్తిరించి, కడిగి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసి, సాపుగా ఉండటానికి పరుపు కింద పెట్టేది అమ్మ. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు దేవుడు జర్మనీలో చూపించిన మొట్టమొదటి ఉద్యోగం పచ్చబొట్టు మెషిన్లకు కవర్లు తొడగడం. ఆయనకూ బయోడేటాలు చదివే అలవాటు ఉన్నట్టుంది.

ఉద్యోగం ఇప్పించింది భాయ్. హైదరాబాదీ, డిజైన్ చదవడానికి వచ్చి, చదువు పక్కన పెట్టి, ఊ-బాన్ అనే భూగర్భ రైలు స్టేషన్ మెట్లకు ఎదురుగా డోనర్ కబాబ్ కొట్టుకీ సైకిళ్ల మరమ్మతు షాపుకీ మధ్య ఉన్న పచ్చబొట్ల స్టూడియోలో శిష్యరికానికి కుదిరినవాడు. రెండేళ్లుగా కృత్రిమ చర్మం ముక్కల మీద గులాబీలూ పులులూ పొడిచి సాధన చేస్తున్నాడు. స్టూడియో నడిపేది ఏభై దాటిన ఒక జర్మన్ ఆవిడ. అందరూ ఆవిణ్ణి షెఫిన్ అనేవారు, అంటే యజమానురాలని. మెడ నుంచి మణికట్ల దాకా ఖాళీ చర్మం లేని ఆ మనిషి అంత శుభ్రతను నేను మళ్లీ ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. భాయ్‌కి ఆవిడ ఒక మాట ఇచ్చింది: రాబోయే ఆరోగ్య తనిఖీలో అధికారి ఒక్క ఆక్షేపణ కూడా రాయకుండా వెళితే, లోపలి గదిలోని రెండో కుర్చీ అతనిది. సొంత కుర్చీ, సొంత కస్టమర్లు, గోడ మీద సొంత బొమ్మలు. ఆ కుర్చీని భాయ్ రోజూ సాయంత్రం కారణం లేకుండా ఓసారి తుడిచేవాడు.

ఉద్యోగం సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

"మెషిన్లకి కవర్లు తొడగడం అమ్మా."

"ఏం మెషిన్లే?"

"చిన్నవి. కరెంటువి."

"దుమ్ము పట్టకుండానా? చూశావా, బుద్ధున్న దేశం. నీకు చెప్పక్కర్లేదులే, పుట్టినప్పట్నించీ చూస్తూనే ఉన్నావుగా."

మర్నాటికి బంధువర్గంలో నేను జర్మనీలో యంత్ర రక్షణ విభాగంలో చేరిపోయాను. ఖండించడానికి నాకు అవకాశం దొరకలేదు (వెతకలేదు కూడా).

మొదటి పాఠం, నా డైరీ ప్రకారం, ఒక సోమవారం ఉదయం 9:10 నుంచి 10:25 వరకు సాగింది. చేతులు కడుక్కో, కొత్త గ్లవుజులు వేసుకో. మెషిన్‌కు చిన్న సంచీ లాంటి కవరు. దానికి కరెంటు తెచ్చే తీగకు పొడవాటి సన్నని తొడుగు. సబ్బునీళ్లు చిమ్మే సీసాకు ఒక కవరు. దీపం పిడికీ, బల్లకూ పలచటి ఫిల్ము. ఎందుకంటే సూది వాడి పారేస్తాం, మెషిన్‌ను పారేయలేం. నెత్తురూ రంగూ అంటిన గ్లవుజుతో ఆర్టిస్టు ఏది ముట్టుకుంటాడో దానికల్లా తొడుగు ఉండాలి, పని కాగానే తొడుగు చెత్తబుట్టలోకి పోవాలి. తాకినదేది, తాకనిదేది అనే శాస్త్రంలో మడి కట్టుకునే మా మేనత్త దగ్గర నాకు అప్పటికే డాక్టరేట్‌కు సరిపడా శిక్షణ ఉంది. తేడా ఒక్కటే. అత్తయ్యను కారణం అడిగితే మొట్టికాయ పడేది. షెఫిన్ దగ్గర కారణం అప్పగించాకే పని మొదలయ్యేది. మూడో వారానికి నేను ఒక మెషిన్‌ను తీగతో సహా నలభై ఎనిమిది సెకన్లలో, ఒక్క ముడత లేకుండా తొడగగలిగాను. "దీనికి పెండ్లి చీర కట్టినట్టు కడ్తవు గదా" అనేవాడు భాయ్.

తొడగడంలో నాకు లోపం లేదు. నా లోపమంతా తీయడంలో ఉంది.

బెర్లిన్ జనం సమయపాలన గురించి ఇండియాలో ప్రచారంలో ఉన్నది పచ్చబొట్లకు వర్తించదు. వారానికి ఒకరైనా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకుని, చివరి గంటలో ధైర్యం చాలక, రాకుండా ఊరుకునేవారు. అప్పటికి మెషిన్ ముస్తాబై ఉండేది. నియమం ప్రకారం ఆ తొడుగులన్నీ తీసి పారేయాలి. మనిషి రాలేదు, సూది కదల్లేదు, గాలి తప్ప ఏమీ తగల్లేదు, అయినా పారేయాలి. ఇది నా వల్ల కాలేదు. వాటిని జాగ్రత్తగా తీసి, ముడతలు పడకుండా నిలువునా మడిచి, కొలతల వారీగా మూడు కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఎవరూ తెరవని అడుగు డ్రాయర్లో దాచాను. బల్లకు చుట్టే ఫిల్మును కూడా దాచేదాన్నే, అది తనకు తానే అంటుకుపోయి నాతో సహకరించలేదు. ఎప్పటికి, ఎందుకు అని ఆలోచించలేదు. పరుపు కింద కవర్లు దాచే మనుషులు ఆ ప్రశ్న వేసుకోరు. పదకొండు వారాల్లో రాని కస్టమర్లు పద్నాలుగు మంది, తీగ తొడుగులు పద్నాలుగు, సీసా కవర్లు పద్నాలుగు, మెషిన్ కవర్లు పదమూడు (ఒకటి తీస్తుండగా చిరిగింది, దాన్ని పారేస్తూ కొంచెం బాధపడ్డాను). మొత్తం నలభై ఒకటి. ప్రతిదానికీ ఒక నోటుబుక్కులో క్రమసంఖ్య, వారం, రాని మనిషి టెర్మిన్ సమయం, కవరు మెషిన్ మీద ఎన్ని నిమిషాలుందో రాసుకున్నాను.

తనిఖీ అధికారి ఒక గురువారం 10:00 గంటలకు వచ్చాడు. 9:59 దాకా బయట నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాం. సన్నగా, పొడుగ్గా, మెడలో తాడుకు కట్టుకున్న కలంతో ఉన్నాడు. సూదుల డబ్బా చూసి "బాగుంది" అన్నాడు. చేతులు కడిగే తొట్టి చూసి "బాగుంది" అన్నాడు. నేను తొడిగిన మెషిన్‌ను వంగి, రెండు వైపుల నుంచీ చూసి "చాలా బాగుంది" అన్నాడు. భాయ్ రెండో కుర్చీ వీపు మీద చేయి వేసి నిలబడ్డాడు, పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాడిలా. అప్పుడు ఆ మనిషి అడుగు డ్రాయర్ వైపు కలం చూపించాడు.

"అది ఖాళీ" అంది షెఫిన్, నిజంగానే నమ్మి.

ఆయన తెరిచాడు. మూడు కట్టలు, నలభై ఒక్క కవర్లు, వాటి మధ్య పురుగు పట్టకుండా నేను వేసిన రెండు కలరా ఉండలు (ఆ పేరును ఆరోగ్య శాఖ మనిషికి అనువదించి చెప్పకపోవడం నా జీవితంలోని కొద్దిపాటి విజ్ఞతల్లో ఒకటి). షెఫిన్ ఒంట్లో బొమ్మలు లేని భాగం, అంటే ముఖం, తెల్లబడింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు భాయ్ పళ్ల మధ్య నుంచి, తెలుగులో.

"వాడనివి భాయ్. ఒక్కసారి కూడా వాడలేదు, నిజం."

"వాడనియైతే డ్రాయర్ల ఏం జేస్తున్నయ్?"

"పారెయ్యడానికి మనసు రాలేదండీ."

"మనసా? యా అల్లా, మనసంట! నా కుర్సీ పోతున్నది ఈడ, ఈమెకు మనసు రాలేదంట!"

అధికారి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇవి ఎన్నిసార్లు వాడారని అడిగాడు. నేను సమాధానంగా నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. ఆయన కూర్చుని మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టాడు. పదకొండు నిమిషాలు చదివాడు. ఆ పదకొండు నిమిషాల్లో భాయ్ కుర్చీ వీపు మీద నుంచి చేయి తీసేశాడు.

"ఇరవై ఏడో సంఖ్య పక్కన 'తుమ్ము' అని ఉంది?"

"నేను తుమ్మాను. మెషిన్‌కు మీటరున్నర దూరంలో. అందుకని దాన్ని కట్టలో చివర పెట్టాను."

"దూరం కొలిచారా?"

"కొలిచాను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంత చక్కటి రికార్డు నాకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు" అన్నాడు. "ఇందులో రాసిన పని మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా తప్పు." ఆపైన, కోపం లేకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు: "ఇవి శుభ్రంగా ఉన్నాయని మీరంటున్నారు. నేను నమ్ముతున్నాను. కానీ ఆ కుర్చీలో కూర్చునే మనిషికి మిమ్మల్ని నమ్మాల్సిన అవసరం రాకూడదు. కొత్త కవరు ఉన్నది అందుకు."

ఆక్షేపణ రాశాడు. పద్నాలుగు రోజుల్లో మళ్లీ వస్తానన్నాడు. నలభై ఒక్క కవర్లనూ నా చేతనే బుట్టలో వేయించాడు. కలరా ఉండలను మాత్రం ఏ బుట్టలో వేయాలో ఆయనకూ తెలియక కాసేపు ఆలోచించాడు. ఆయన వెళ్లాక షెఫిన్ అరవలేదు. "ఇంకోసారి చూస్తాను" అంది. "మళ్లీ ఆక్షేపణ పడితే అతనికి కుర్చీ లేదు. నీకు ఉద్యోగం లేదు." భాయ్ నాలుగు రోజులు నాతో జర్మన్‌లో మాత్రమే మాట్లాడాడు, అదీ బహువచనంతో. తెలుగు తెలిసిన మనిషి తెలుగు తెలిసిన మనిషికి వేయగల శిక్షల్లో ఇంతకంటే కఠినమైనది నాకు తెలియదు. అయిదో రోజున తట్టుకోలేక అతనే తెలుగులోకి దిగాడు: "నీకు కొలువు ఇప్పించినందుకు నన్ను నేను కొట్టుకోవాలె. నేను తినిపించిన బిర్యానీ ప్లాస్టిక్ బాక్సు కడిగి దాసుకున్నప్పుడే సమజ్ కావాల్సి ఉండె."

పద్నాలుగో రోజు అధికారి 2:40కి వచ్చాడు. డ్రాయర్లన్నీ తెరిచాడు, అడుగుది ఖాళీ. మూడు గంటలకు ఒకాయన టెర్మిన్ ఉంది, మెషిన్‌కు తొడుగులు వేసి ఉంచాను. మూడయింది, మూడుంబావయింది, మనిషి రాలేదు. అధికారి వెళ్లలేదు. గోడకు ఆనుకుని, కలం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. షెఫిన్ నా వైపు చూడకుండా చూసింది. నేను గ్లవుజులు వేసుకుని తీగ తొడుగును లాగాను. తళతళలాడుతూ, మీటరు పైచిలుకు పొడవున, ఒక్క చుక్క అంటకుండా వచ్చింది. దాన్ని పట్టుకుని బుట్ట మీద నిలబడ్డాను. వేళ్లు వాటంతటవే మడతపెట్టడం మొదలుపెట్టాయి.

"మడత వెట్టకు" అన్నాడు భాయ్ మెల్లగా.

"పెట్టట్లేదండీ."

"పెడ్తున్నవ్. ఇడిసిపెట్టు."

"వదిలేస్తున్నా."

"చెయ్యి తెరిస్తేనే వదిలినట్టమ్మా. తెరువ్. నా తల్లివి గదా, తెరువ్."

తెరిచాను. నా డైరీలో ఇరవై రెండు సెకన్లని ఉంది. భాయ్ మాత్రం ఈనాటికీ అయిదు నిమిషాలంటాడు. తరవాత సీసా కవరు, తరవాత మెషిన్ కవరు. అధికారి కాగితం మీద ఏదో రాసి షెఫిన్‌కు ఇచ్చాడు. ఆక్షేపణల గడి ఖాళీగా ఉంది. భాయ్ వెళ్లి తన కుర్చీలో కూర్చుని, గిర్రున ఒక చుట్టు తిరిగి, నా వైపు ఆగాడు.

"మొదటి కస్టమర్ నువ్వే."

"నేనా? మా ఇంట్లో చంపేస్తారు భాయ్."

"నా పద్నాలుగు రోజులు తిన్నవ్. మాట్లాడకుండ వచ్చి కూసో."

ఏ బొమ్మ కావాలో తేల్చుకోవడానికి తొమ్మిది రోజులు తీసుకున్నాను. చివరికి ఒక గేరు చక్రం: వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లు, పళ్లు పదహారు, ఎడమ మణికట్టు లోపలి వైపు. స్కేలుతో గీసి ఇచ్చాను. ఆ శనివారం మెషిన్‌కు తొడుగులు నేనే తొడిగాను. షెఫిన్ వచ్చి చూసి తలూపింది. కుర్చీలో కూర్చుని చేయి చాపాను. చక్రానికి ముందు మధ్యబిందువు పెట్టాలని భాయ్‌కి చెప్పింది కూడా నేనే, ఇంజినీరింగ్ పద్ధతి అది. మెషిన్ బుయ్యిమంది. సూది ఒక్కసారి తగిలింది. మరుక్షణం నేను గది అవతల, తలుపు పక్కన నిలబడి ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో డైరీలో లేదు.

"అయిపాయె?" అన్నాడు భాయ్, సూది గాల్లో పట్టుకుని.

"అయిపోయింది."

"చుక్క పెట్టిన. చుక్కే."

"చాలండీ. చాలా బాగుంది."

చుక్కకు కట్టు కట్టించుకుని, మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గ్లవుజులు వేసుకుని, తొడుగులన్నీ నేనే ఊడదీశాను. ఒక్క సెకను పని చేసిన కవర్లు. మూడూ ఒకేసారి బుట్టలో పడ్డాయి. ఈసారి ఎవరూ సెకన్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు.

తరవాతి వేసవిలో ఇంటికి వెళితే అమ్మ అన్నం వడ్డిస్తూ చేయి పట్టుకుంది. "అదేంటే?" "పుట్టుమచ్చమ్మా." "పుట్టినప్పుడు లేదే. నిన్ను కన్నది నేనే కదా." "జర్మనీలో వచ్చింది." అమ్మ దాన్ని బొటనవేలితో ఓసారి రుద్ది చూసి, "చలికి వస్తాయేమోలే" అని పప్పు వేసింది. ఆ తరవాత నింపిన ఒక దరఖాస్తులో, గుర్తింపు చిహ్నాల గడిలో, 'ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చ' అని రాశాను. నా నలభై నాలుగేళ్ల జీవితంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు నేను స్టుట్‌గార్ట్‌లో కారు విడిభాగాల నాణ్యత చూసే ఉద్యోగంలో ఉన్నాను. భాయ్‌కి డ్యూసెల్‌డార్ఫ్‌లో సొంత షాపు ఉంది, మూడు కుర్చీలున్నాయి. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా "వస్తవా, చక్రం పూర్తి చేద్దాం?" అని అడుగుతాడు. వచ్చే ఏడు చూద్దామంటాను. పొద్దున ఎస్-బాన్ రైల్లో చేయి పైకెత్తి కమ్మీ పట్టుకున్నప్పుడు చొక్కా చెయ్యి కిందికి జారి, ఆ చుక్క కనిపిస్తుంది. వయసుతో దాని అంచులు కొంచెం చెదిరాయి గానీ స్థానం తప్పలేదు. మధ్యబిందువంటూ ఉంది గనుక చక్రం ఎప్పుడైనా గీయించుకోవచ్చని, పదహారు పళ్లూ వచ్చేదాకా కదలకుండా కూర్చోగల ఆడమనిషిని అయ్యే ఉంటానని, దిగాల్సిన స్టేషన్ వచ్చేవరకూ నమ్ముతూ ఉంటాను.