మరచేతుల ముగ్గురికీ అమ్మమ్మ గొంతు

ముగ్గురు మొద్దులు. ఒకరి చెంప ఒకరు వాయించుకుంటూ జనాన్ని నవ్వించిన పాతకాలపు హాస్యగాళ్లు. ఎవరో పుణ్యాత్ముడు వాళ్లని బొమ్మల్లోకి దించి, ఒంటికి యంత్రాలు బిగించి, దొంగల్ని పట్టుకోమని వదిలాడు. చేతులు రబ్బరులా సాగుతాయి, కాళ్లలోంచి స్ప్రింగులు పొడుచుకొస్తాయి, బుర్రలు మాత్రం పాతవే. అమ్మ చిన్నప్పుడు ఆ ఇంగ్లీషు కార్టూను మా మలయ్ దేశంలో, బాగన్ దాతుక్ అనే ఊరి కొబ్బరితోటలో, టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో ఆడేది. ఆ ఇల్లు అమ్మమ్మది. ఆమెకి ఇంగ్లీషు రాదు, చూడ్డానికొచ్చిన పిల్లలకీ రాదు. అందుకని టీవీ గొంతు నొక్కేసి, ముగ్గురి మాటలూ తనే తెలుగులో చెప్పేది. దొంగకీ ఆమే గొంతు. అసలు కథ ఆమెకి తెలియకపోవడం ఎవరికీ అడ్డు రాలేదు.

ఈమధ్య దగ్గర్లోని పట్నం తెలుక్ ఇంటాన్‌లో తెలుగు క్లాసు పిల్లల వేడుకకి ఆ కార్టూనే వేద్దామన్నారు. అమ్మమ్మ గొంతు ఇప్పుడు దగ్గుకే చాలడం లేదు.

"నువ్వు సెప్పరా," అంది ఫోన్లో, మాట చివర మలయ్ వాళ్ల 'లా' తగిలిస్తూ. "నవ్వులాట నీకు బాగొస్తాది కదా. నాను పోయినాక ఎవుడో ఒకడు సెప్పాల లా."

ఎవరైనా గంభీరంగా మాట్లాడితే సూది గుచ్చకుండా ఉండలేను. "పోయేముందు సెప్పు అమ్మమ్మా, లీవు ఎడుక్కణుం," అన్నాను, 'సెలవు పెట్టాలి కదా' అనబోయి సగంలో అలవాటైన తమిళంలోకి జారిపోతూ.

ఆమె నవ్వింది, దగ్గింది, ఆనాటి తోట పిల్లలందరికీ కబురంపింది. వాళ్లూ ఇప్పుడు అమ్మమ్మలే. 'నా మనవడు సెప్తాడు' అని ఊరంతా చాటింది.

చిన్నప్పుడు క్లాసులో నేర్చుకున్న తెలుగుతో మాటలు రాసుకుని వెళ్లాను. రాయడం నాకొచ్చు. కాగితం మన జవాబు కోసం ఎదురుచూడదు. మాట్లాడటమే కష్టం. నోటికి అలవాటైన తెలుగంతా అమ్మమ్మ దగ్గర విన్నదే.

హాల్లో లైట్లు తీసేశారు. "ఓరీ దుర్మార్గుడా! నీ ఆగడాలకు నేటితో అంతం!" అని నేను కూడబలుక్కుని చదివేసరికి దుర్మార్గుణ్ని స్తంభానికి కట్టేయడం అయిపోయింది. తెర మీద ఒక ఆవు నడుస్తోంది. ఆ హెచ్చరిక దానికి తగిలింది.

కాగితం పడేసి నోటికొచ్చింది మొదలెట్టాను. సాగిన మరచెయ్యి ఇంకో దొంగ మెడ పట్టుకుంది.

"తిన్నావేటి?"

హాలు గొల్లుమంది. దొంగ కిటికీలోంచి దూకాడు. "సెప్పులేసుకో!" స్ప్రింగుకాళ్లవాడు బురదలో పడ్డాడు. "కాళ్లు కడుక్కోని లోనికి రా!" బాంబు పేలింది. "ఎన్నిమార్లు సెప్పినాను, ఫ్యాను ఆపమని!"

నవ్వు చెడ్డ మత్తు. చివరిదాకా అదే లాగించాను.

లైట్లు వెలిగాయి. ముందు వరుసలో పట్టుచీరలో అమ్మమ్మ. చప్పట్లు కొట్టడం లేదు. వెనక కూర్చున్న ముసలామె ఆమె భుజం మీద చరిచి, "అచ్చం నీలాగే తిడతన్నాడే!" అంది. అమ్మమ్మ నవ్వింది. పిల్లాడు పొరుగింట్లో అద్దం పగలగొడితే తల్లి నవ్వే నవ్వు అది.

ఇంటికి కారు నేనే నడిపాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"దొంగనాకొడుక్కి అన్నం పెట్టినావేటిరా?"

"పాపం, ఆకలి అమ్మమ్మా."

ఆమె నవ్వలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, "నాను నీతో మాటాడిందంతా ఇదేనేటి?" అంది. "తిను, కడుక్కో, ఆపు. ఇంకేటీ లేదేటి?"

నా దగ్గర జోకు ఎప్పుడూ ఉంటుంది. అప్పుడూ ఉంది. దాన్ని బయటికి తీయడానికి మొహం చెల్లలేదు. తోట పిల్లలకి కథలల్లిన మనిషి ఆమె. నాతోనూ మొదలెట్టే ఉంటుంది. నేను తమిళంలో ఒక ముక్క పడేసి ఫోను చూసుకుంటూ ఉంటే ఇక ఏం మాట్లాడుతుంది? జవాబు అక్కర్లేని మాటలే మిగిలాయి. వాటినే ఊరందరి ముందూ ఆడించి చప్పట్లు కొట్టించుకొచ్చాను. తప్పు తనదేమోనని ఆమె సిగ్గుపడుతోంది. చెవులు కాలుతున్నది మాత్రం నాకు.

ఎర్ర లైటు దగ్గర ఆగాం.

"కేఎల్‌లో ఏటి పని సేస్తన్నావు నువ్వు? తెలుగులో సెప్పు."

కేఎల్ అంటే మా రాజధాని; అక్కడ ఫోన్ యాపుల్లో బటన్ల మీద ఏం రాయాలో తేల్చడం నా ఉద్యోగం. మలయ్‌లో, ఇంగ్లీషులో. అంటే మాటలే నా పని.

"నాను... ఫోన్లో... బటన్ ఉంటాది కదా... అది మేలె..." 'దాని మీద' అనబోతే మళ్లీ తమిళం. ఆగిపోయాను. ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. ఫోన్ చూసుకునే నాలాంటివాళ్లెవరూ అలా కూర్చోరు.

వెనక లారీ హారన్ మోగించింది. లైటు ఎప్పుడో పచ్చబడింది.

"అరవనీ ఆణ్ణి," అంది అమ్మమ్మ. "నువ్వు మల్లీ సెప్పు."