ఇటుకముక్కతో గీసిన బాణాలు

నేను సైన్సు టీచరుగా పనిచేశాను. దయ్యం మాట ఎవరెత్తినా నవ్వేసేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మద్రాసు మనకు రాదని తేలిపోయిన మరుసటి ఎండాకాలం. చింతాద్రిపేటలో, కూవం ఏటి ఒడ్డుకు దగ్గర్లో, ఒక పాతింటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

సెలవుల్లో నా ఇద్దరాడపిల్లలూ ఊరికే విసిగిస్తుంటే, ఒక సాయంత్రం నిధి వేట ఆడించాను. పెరటి గోడ మీద, బావి గట్టు మీద, జామచెట్టు మొదట్లో సుద్దముక్కతో బాణాలు గీశాను. ఆ బాణాలు పట్టుకుని పోతే కట్టెల చాటున కమ్మరకట్టు మిఠాయిల డబ్బా.

కాసేపటికి పెద్దది సరళ పరుగెత్తుకొచ్చింది. “నిధి దొరికిందమ్మా!”

దాని చేతిలో డబ్బా లేదు. చిన్నపిల్ల కాలికి పట్టే వెండి గొలుసు ఉంది. నల్లబడి, మట్టిపట్టి.

వెళ్ళి చూశాను. డబ్బా పెట్టినచోటే ఉంది. బావి దగ్గర నా బాణాలు కుడివైపు తిరిగితే, ఎడమవైపు మరో వరస పోయింది. ఎర్రగా, ఇటుకముక్కతో గీసినవి. చిన్నపిల్ల చెయ్యి అందే ఎత్తులో. బట్టలుతికే రాయి దగ్గర ఆగిపోయాయి. దాని అంచున మన్ను తవ్వి పిల్లలు గొలుసు తీశారు. ఆ మధ్యాహ్నమే నేనక్కడ బట్టలుతికాను. గోడ మీద ఏ గీతా లేదు.

“ఎవరు గీశారే?”

“ఆ అక్క,” అంది చిన్నది విమల. “ముందర పోతా గీస్తా ఉండె.”

సరళకు మాత్రం ఎవరూ కనబడలేదట.

గొలుసు తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆవిడకు చూపు బాగా తగ్గింది. తడిమి చూస్తూ కొక్కెం దగ్గర ఆగింది.

“కొక్కీ ఇరిగితే నేనే రాగితీగ చుట్నా. ఇది మా రాజ్యానిది. యాడ దొరికింది టీచరమ్మా?”

ఆవిడకు రాజ్యమని ఒక కూతురుండేదని అప్పుడే తెలిసింది. ఎప్పుడో ఎండాకాలంలో పెరట్లో ఆడుకుంటూ కనబడకుండా పోయిందట. కూవంలో పడిందన్నారు, ఎవరో ఎత్తుకుపోయారన్నారు. జాడే లేదు.

మావారు మనుషుల్ని పిలిపించి రాయి లేపించి, లోతుగా తవ్వించారు. ఏమీ దొరకలేదు. ఎర్ర గీతలను మాత్రం వచ్చినవాళ్ళంతా చూశారు.

మర్నాడు పెద్దమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఈ పొద్దు గూడా పిల్లకాయల్ని ఆడించమ్మా. నేనీడనే కూచోనుంటా.”

ఆ సెలవులన్నాళ్ళూ ఆడించాను. ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చునేది. కొత్త బాణం రాలేదు.

ఒకరోజు విమలను దగ్గరికి పిలిచింది. “ఆ బిడ్డ నీతో ఏమన్నా చెప్పెనా కన్నా?”

“ఇంకా ఎంతసేపు దాక్కోనుండాలని అడిగె.”

పెద్దమ్మ విమలను ఒళ్ళోకి లాక్కుంది. రాజ్యం కనబడకుండా పోయిన రోజు ఆడింది దాగుడుమూతలని ఆవిడ మాకప్పటిదాకా చెప్పలేదు. పిల్లలకు చెప్పేవాళ్ళు వేరే ఎవరూ లేరు.

ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ మాట విమల నోటికి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.