తువ్వాలు కింద పట్టుకున్న వేలు

తాత పోయిన కబురు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి చెప్పాడు. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గుమ్మం ముందు నిలబడి, "తాత పోనాడే. పొద్దున్న నమాజు సేసుకొని నడుం వాల్సినాడట, మరి లేవలేదట" అన్నాడు.

ఉడుకుతున్న అన్నం దించేసి బస్సెక్కాం. ఉక్కునగరం నుంచి పాత ఊరు చేరేసరికి మగవాళ్లు ఆయన్ని మట్టికి తీసుకెళ్లిపోయారు. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నారు. ఆయన భార్య, మేం మామ్మ అని పిలిచే ఆవిడ, నన్ను చూసి ఏడవలేదు. "మీ సెల్లి కబురేటైనా తెలిసిందా?" అని అడిగింది. ఎప్పుడు వెళ్లినా ఆ ఇంట్లో నన్ను మొదట అడిగేది అదే. ఆ రోజు కూడా మరిచిపోలేదు.

తాత మాకు చుట్టం కాదు. నా పెళ్లయిన కొత్తలో స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. మా ఆయన అక్కడ కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. పాత ఊళ్లో తాతగారింటి వెనక వాటాలో అద్దెకి దిగాం. నేను అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని. కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. తాతకి చెప్పాల్సింది ఏదైనా ఉంటే తలుపు చాటు నుంచి మామ్మకి చెప్పేదాన్ని. ఆయన అది వినీ విననట్టు కూర్చుని, జవాబు కూడా మామ్మకే చెప్పేవాడు. నా సిగ్గుకి అంత మర్యాద ఇచ్చినవాళ్లు మా పుట్టింట్లో కూడా లేరు.

ఆయన జీడిగింజల దళారి. తోటల వాళ్లకీ, ఓడల మీద సరుకు పంపే షావుకార్లకీ మధ్య బేరం కుదిర్చేవాడు. భుజం మీద ఎప్పుడూ ఆకుపచ్చ అంచు తువ్వాలు. వాళ్ల బేరం నోటితో కాదు. తువ్వాలు కింద చేతులు కలిపి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, జాలరిపేట నుంచి చేపల గంప తెచ్చే ఆవిడ ముందు కూడా తువ్వాలు పరిచేవాడు. ఆవిడ నవ్వి, "ఏటి తాతా, సేపకి ముసుగేత్తన్నావ్, పెళ్లికూతురేటి?" అనేది. తలుపు చాటున నేనూ నవ్వేదాన్ని.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. శ్రీకాకుళం వైపు మా పల్లెలో పంట పోయి, మా నాన్న ఒక జీడితోట యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని నన్ను అప్పా అని పిలిచే మా చెల్లిని అక్కడ వదిలాడు. దానికి అప్పటికి పదేళ్లు కూడా లేవు. తెల్లవారితే గింజలు ఏరాలి, తర్వాత షెడ్డులో కూర్చుని కొట్టాలి. కొట్టినప్పుడు పైతొక్కలోంచి చిమ్మే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. చూడ్డానికి వెళ్లిన మా అమ్మని గేటు దగ్గరే ఆపేశారు. అడ్వాన్సు తీరేదాకా పిల్ల కదలదన్నారు. ఆ అడ్వాన్సు ఎప్పటికి తీరుతుందో మా నాన్నకి ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి మామ్మకి చెప్పి ఏడ్చాను. తాత విన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మొదటిసారి నాతోనే సూటిగా మాట్లాడాడు. "బేటీ, ఆ తోట సరుకుకి బేరం కుదిర్చింది నానే" అన్నాడు.

అప్పటి నుంచి షావుకార్ల ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. విదేశీ కంపెనీలు సరుకు కొనేటప్పుడు ఒప్పందం రాసుకుంటాయట. అందులో ఒక షరతు పెట్టాలని ఆయన పట్టు. "తేమ రాస్తారు, తూకం రాస్తారు, పురుగు లేదని రాస్తారు. ఏరిన సెయ్యి ఎవరిదో ఎందుకు రాయరు?" అని అందరినీ అడిగేవాడు. ఒక షావుకారు వేళాకోళంగా, "బావా, మనం జీడిపప్పు కొంటన్నామా, పిల్లల్ని కొంటన్నామా?" అన్నాడట. తాత, "ఇన్నాళ్లూ రెండూ కొన్నాం బావా" అని లేచి వచ్చేశాడు.

చివరికి ఒక విదేశీ కంపెనీ ఒప్పుకుంది. అడ్వాన్సు కింద కట్టుబడి పనిచేసే పిల్లలున్న తోట సరుకు ఓడ ఎక్కకూడదని రాసుకున్నారు. ఆ రోజు తాత మిఠాయి తెచ్చాడు. నేను మా అమ్మకి కబురు పంపాను.

కోతల కాలంలో కంపెనీ మనిషితో కలిసి తాత ఆ తోటకి వెళ్లాడు. షెడ్డులో ఉన్న పిల్లలంతా కూలీల పిల్లలేననీ, ఊరికే ఆడుకుంటున్నారనీ యజమాని చెప్పాడు. కంపెనీ మనిషి అడిగితే పిల్లలు కూడా అదే చెప్పారు. అప్పుడు తాత నేను చెప్పిన పోలికలతో మా చెల్లిని గుర్తుపట్టి, దాని పక్కన కూర్చుని, చేతిలో గింజ చూస్తున్నట్టు దాని చెయ్యి మీద తువ్వాలు కప్పాడు. పెదవి కదలకుండా, "మీ అప్ప పంపింది. ఇంటికెళ్తావా? ఎళ్తానంటే నా ఏలు పట్టుకో" అన్నాడు.

అది ఆయన చూపుడువేలు పట్టుకుంది. మళ్లీ వదల్లేదు. యజమాని చూస్తున్నాడని, తన వేలు తానే బలవంతంగా విడిపించుకోవాల్సి వచ్చిందట. ఈ మాట చెబుతూ తాత నా వైపు చూడలేకపోయాడు.

సాయంత్రం ఆ సరుకు వద్దని కంపెనీ మనిషి చేత చెప్పించాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆయన వ్యాపారంలో తువ్వాలు కింద నుంచి చెయ్యి లాగేసుకుని నడిచి వెళ్లిపోవడం ఒక పద్ధతి. అమ్మేవాడు నాలుగు అడుగులు వేయనిచ్చి వెనక్కి పిలుస్తాడు, దిగి వస్తాడు. జీవితమంతా ఆయన చూసింది అదే. ఈ యజమాని కూడా పిలుస్తాడనీ, పిల్లల్ని వదిలేసి సరుకు తీసుకోమంటాడనీ నమ్మి వచ్చేశాడు.

యజమాని పిలవలేదు. సరుకు వేరే షావుకారు కొన్నాడు. అతని ఒప్పందంలో అలాంటి షరతు లేదు. అదే రేవు నుంచి ఇంకో ఓడ ఎక్కించాడు. సంగతి తెలిసి తాతా, మా నాన్నా పరుగున వెళ్లేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. కాపలావాడు వాళ్లతో, "పిల్లలుండకూడదని మీరే కదేటి రూలెట్టినారు. లారీ ఎక్కించి పంపేసినాం" అన్నాడు. ఎక్కడికో వాడికి తెలియదు. పోలీసుల దగ్గరికి వెళితే, పిల్లని ఇచ్చినవాడివి నువ్వే కదా అని మా నాన్ననే గద్దించారు.

తాత ఆ తర్వాత దళారి పని మానేశాడు. మద్దిలపాలెం బస్సు డిపో దగ్గరా, లారీలు ఆగేచోటా నిలబడి డ్రైవర్లని అడిగేవాడు. షావుకార్ల ఆఫీసులకి మాత్రం వెళ్లడం మానలేదు. ఒక్క కంపెనీ రాసుకుంటే చాలదనీ, దేశానికీ దేశానికీ జరిగే ఒప్పందంలోనే ఉండాలనీ, అప్పుడు ఏ ఓడా ఎక్కించుకోదనీ చెప్పేవాడు. "సరుకు వద్దంటే సరిపోదు. ముందు పిల్ల ఇల్లు సేరాల, అడ్వాన్సు కొట్టెయ్యాల, ఆ తర్వాతే సరుకు మాట. నాను ఆ ముక్క రాయించలేదు" అనేవాడు. వినేవాళ్లు లేక ఆ మాటలు నాకూ మామ్మకీ చెప్పేవాడు. మాట్లాడుతూ చూపుడువేలిని రెండో చేత్తో రుద్దుకుంటూనే ఉండేవాడు.

కొందరు నాతో అన్నారు, ఆ ముసలాయన తలదూర్చకపోతే మీ చెల్లి అక్కడే ఉండేది, కనీసం ఎక్కడుందో తెలిసేది అని. రాత్రిళ్లు నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ పిల్లని ఇంటికి వెళ్తావా అని అడిగినవాడు ఆయన ఒక్కడే. మా నాన్న అడగలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇది చదివేవాళ్లకి ఒక మాట. మా చెల్లికి ఇప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. అరచేతులు నల్లగా మాడి ఉంటాయి. ఏ తోటలోనైనా, ఏ ఇటుక బట్టీలోనైనా కనిపిస్తే మీ అప్ప ఎదురు చూస్తోందని చెప్పండి.

తాత పోయిన రోజు తిరిగి వచ్చేటప్పుడు మామ్మ ఆయన తువ్వాలు నా చేతిలో పెట్టింది. ఉతికి ఉక్కునగరంలో మా క్వార్టరు వెనక తీగ మీద ఆరేశాను. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. ఎవరూ చూడటం లేదని చూసుకుని తడి బట్ట కింద చెయ్యి పెట్టి, చూపుడువేలు చాచాను. గాలికి తువ్వాలు ఒకసారి వేలి చుట్టూ చుట్టుకుంది, మళ్లీ వదిలేసింది. చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాను.